ఆన్‌లైన్ యాడ్‌ల మీద జీఎస్టీ: ఏ రాష్ట్రం లెక్కలో పడుతుంది, వెనక్కి ఎలా తెచ్చుకోవాలి

ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దగ్గరపడుతుంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "ఏవండీ, నెలంతా యాడ్‌లకి డబ్బు పోశాం. పద్దెనిమిది శాతం జీఎస్టీ కూడా కట్టించుకున్నారు. అది మన ఖాతాలో ఎక్కడా కనిపించట్లేదేంటి?" అడిగేది చీరల కొట్టువాళ్ళు కావచ్చు, ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్మేవాళ్ళు కావచ్చు, కోచింగ్ సెంటర్‌వాళ్ళు కావచ్చు. కారణం మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే. యాడ్ అకౌంట్ తెరిచిన రోజు బిల్లింగ్ వివరాల్లో జీఎస్టీ నంబర్ పెట్టలేదు, లేదా ఇంకెవరిదో పెట్టారు.

జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. మీ యాడ్‌ని చెన్నైలో ఎంతమంది చూశారు, బెంగళూరులో ఎంతమంది నొక్కారు అన్నదానితో పన్నుకి సంబంధం లేదు. బిల్లు ఎవరి పేరిట, ఏ రాష్ట్రానికి వెళ్ళింది అన్నదే లెక్క. అక్కడ సరిచేసుకుంటే మిగతాదంతా మామూలు గుమాస్తా పని.

ఇది సొంతంగా గూగుల్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల యాడ్‌లు వేసుకునే చిన్న వ్యాపారుల కోసం రాస్తున్నాను. ఏజెన్సీ ద్వారా వేయించేవాళ్ళకీ ఒక అంచె ఉంది, కింద చూడండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఫోన్‌లో ఫొటో కాదు, పోర్టల్ నుంచి దించుకున్న పీడీఎఫ్)
- పాన్ కార్డు
- యాడ్ అకౌంట్ లాగిన్, అడ్మిన్ హక్కులతో. మేనల్లుడో, పాత ఉద్యోగో తెరిచిన అకౌంట్ అయితే ముందు ఆ హక్కులు మీ పేరిట తెచ్చుకోండి.
- డబ్బు కట్టే కార్డు లేదా యూపీఐ, వీలైతే వ్యాపారం ఖాతాది
- గత మూడు నెలల ఇన్‌వాయిస్‌లు, ఇప్పటికే యాడ్‌లు నడుస్తుంటే
- జీఎస్టీ పోర్టల్ లాగిన్, లేదా మీ అకౌంటెంట్ ఫోన్ నంబర్

1. ముందు మీరు ఏ రకమో తేల్చుకోండి

ఇక్కడ తప్పు చేస్తే మిగతా అంచెలన్నీ వృథా.

మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మీరు అమ్మే సరుకు మీద పన్ను వసూలు చేస్తుంటే యాడ్ మీద కట్టిన జీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. వాడుకలో ఐటీసీ అంటాం. మీ అమ్మకాల మీద ప్రభుత్వానికి కట్టాల్సిన దాంట్లోంచి ఇది తగ్గుతుంది.

కంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టేసే పద్ధతి) ఉంటే ఐటీసీ లేదు. ఆ 18 శాతం మీ ఖర్చే. 5 శాతం పన్నుతో నడిచే మామూలు రెస్టారెంట్‌కీ లేదు. 1 శాతం, 5 శాతం రేట్లతో ఫ్లాట్లు అమ్మే బిల్డర్లకీ లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల యాడ్‌ల మీద గట్టిగా ఖర్చుపెట్టేది వీళ్ళే, ఈ సంగతి చివర్లో తెలిసి తల పట్టుకునేదీ వీళ్ళే. వైద్యం పన్ను లేని సేవ కాబట్టి క్లినిక్‌లకీ అంతే. పన్ను ఉన్నదీ లేనిదీ రెండూ అమ్మేవాళ్ళు దామాషాలో కొంత వదులుకోవాలి. ఆ లెక్క మీ అకౌంటెంట్‌కి వదిలేయండి.

అసలు రిజిస్ట్రేషనే లేకపోతే? యాడ్ మీద క్రెడిట్ వస్తుందని ఆశపడి రిజిస్టర్ చేయించుకోవద్దని నా సలహా. నెలకి పది వేల రూపాయల యాడ్‌లకి పన్ను 1,800. దానికోసం రిజిస్టర్ అయితే మీ ప్రతి అమ్మకం మీదా పన్ను వసూలు చేయాలి, రిటర్నులు వేయాలి, అకౌంటెంట్‌కి ఫీజు ఇవ్వాలి. చట్టం ప్రకారం తప్పనిసరి అయితే అది వేరే సంగతి. సరుకులు అమ్మేవాళ్ళకి ఆ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పక్కపక్క రాష్ట్రాలే అయినా ఈ తేడా ఉంది. విజయవాడ స్నేహితుడి మాట విని ఖమ్మంలో ధీమాగా కూర్చోకండి. సేవలకైతే రెండు చోట్లా 20 లక్షలే. వేరే రాష్ట్రాలకి సరుకు పంపేవాళ్ళకి ఈ పరిమితులతో పనిలేకుండానే రిజిస్ట్రేషన్ అవసరం పడవచ్చు, అది కూడా కనుక్కోండి.

2. మీకు బిల్లు ఇచ్చేది ఎవరో చూడండి

యాప్ పేరు కాదు, ఇన్‌వాయిస్ పైన ఉన్న కంపెనీ పేరు చూడాలి. మూడు రకాలుంటాయి.

ఇండియాలో రిజిస్టర్ అయిన కంపెనీ: నంబర్ 06, 27, 29, 36 లాంటి రాష్ట్రం కోడ్‌తో మొదలవుతుంది. పెద్ద ప్లాట్‌ఫామ్‌లలో ఎక్కువ భాగం ఇదే. నేరుగా 3వ అంచెకి వెళ్ళండి.

విదేశీ కంపెనీ: చిరునామా సింగపూర్, ఐర్లండ్, అమెరికా లాంటి చోట ఉంటుంది. నంబర్ 99తో మొదలవుతుంది, లేదా అసలు నంబరే ఉండదు. 3వ అంచె చేసి, తర్వాత 6వది తప్పకుండా చదవండి.

ఏజెన్సీ: 8వ అంచె మీది.

3. బిల్లింగ్ ప్రొఫైల్ సరిచేయండి

ఇది మొదటి రూపాయి ఖర్చుపెట్టకముందే అవ్వాలి. చాలా ప్లాట్‌ఫామ్‌లలో ఇవాళ పెట్టిన నంబర్ రేపటి బిల్లులకే వర్తిస్తుంది, నిన్నటి బిల్లులు మారవు.

గూగుల్ యాడ్స్‌లో బిల్లింగ్‌లోకి వెళ్ళి సెట్టింగ్స్ తెరిస్తే పేమెంట్స్ ప్రొఫైల్ కనిపిస్తుంది. పన్ను వివరాలు అందులోనే ఉంటాయి. మెటా యాడ్స్‌లో బిల్లింగ్ అండ్ పేమెంట్స్‌లోకి వెళ్ళి పేమెంట్ సెట్టింగ్స్‌లో వ్యాపారం వివరాలు చూడండి. మెనూల పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కంగారుపడకండి. జీఎస్టీ నంబర్ అడిగే గడి ఎక్కడుందో వెతకడమే పని.

నింపేటప్పుడు వరసగా ఇవి చూసుకోండి:

అకౌంట్ రకం: వ్యక్తిగతమా, సంస్థా అని అడిగితే సంస్థ ఎంచుకోండి. ఒంటరిగా నడిపే దుకాణమైనా సరే. ఒకసారి ఎంచుకున్నాక ఇది సాధారణంగా మారదు. తప్పు పడితే కొత్త పేమెంట్స్ ప్రొఫైల్ తెరవడమే దారి.

పేరు: సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ అని ఉన్నదే పెట్టండి. సొంత దుకాణమైతే అక్కడ యజమాని పేరు ఉంటుంది, కొట్టు పేరు ట్రేడ్ నేమ్ కింద ఉంటుంది. బోర్డు మీద ఉన్నదే అసలు పేరనుకుని చాలామంది తిరగేసి పెడతారు.

చిరునామా: సర్టిఫికెట్‌లో ఉన్న వ్యాపార స్థలం. ఇంటిది కాదు, తమ్ముడిది కాదు, కార్డు స్టేట్‌మెంట్ వచ్చే చోటు కాదు.

రాష్ట్రం: జాబితాలోంచి ఎంచుకునేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్‌లలో ఆంధ్రప్రదేశ్ రెండుసార్లు కనిపిస్తుంది, 28తో ఒకటి, 37తో ఒకటి. 28 అనేది 2014 విభజనకి ముందు కోడ్. మీది 37.

జీఎస్టీ నంబర్: మొత్తం 15 గళ్ళు. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి పది మీ పాన్, పదమూడోది అదే పాన్‌తో ఆ రాష్ట్రంలో మీకున్న రిజిస్ట్రేషన్ వరస, పద్నాలుగోది మామూలుగా ఇంగ్లిష్ జెడ్, చివరిది తనిఖీ అక్షరం. టైపు చేశాక పాన్ కార్డు పక్కన పెట్టుకుని మధ్య పదీ పోల్చండి. పాన్‌లో మొదట ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. ఇంగ్లిష్ ఓ పెట్టాలా, సున్నా పెట్టాలా అని అనుమానం వస్తే ఈ వరసే తేల్చేస్తుంది.

సేవ్ చేశాక జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ తెరిచి అదే నంబర్ కొట్టండి. లాగిన్ అక్కర్లేదు. మీ పేరు వచ్చి, పక్కన యాక్టివ్ అని కనబడాలి. రిటర్నులు వేయక సస్పెండ్ అయిన నంబర్ పెట్టి ఎదురుచూస్తే ఏమీ రాదు.

4. బడ్జెట్‌లో పన్ను కలిపి లెక్క వేసుకోండి

ఇంటర్నెట్ యాడ్‌ల మీద రేటు 18 శాతం. (పత్రికలో అచ్చు యాడ్ స్థలానికి 5 శాతమే. అందుకే పేపర్ యాడ్‌లకి అలవాటుపడిన పాత వ్యాపారులు "ఇదేం దోపిడీ" అంటుంటారు. రేటు తేడా నిజమే. కానీ క్రెడిట్ వచ్చేవాళ్ళకి రెండూ చివరికి ఒకటే.)

ముందుగా డబ్బు వేసుకునే పద్ధతిలో ఒక చిక్కుంది. మీరు వేసిన దాంట్లోంచే పన్ను తీస్తే, వెయ్యి రూపాయలకి 847.46 యాడ్‌లకి, 152.54 పన్నుకి పోతాయి. "వెయ్యి వేస్తే ఎనిమిదొందల నలభయ్యే కనిపిస్తోంది, మోసం" అని టెన్షన్ పడేది ఇక్కడే. వెయ్యి మీద అదనంగా పన్ను వేస్తే కార్డులోంచి 1,180 పోతాయి. మీ ప్లాట్‌ఫామ్ ఏది చేస్తుందో తెలియాలంటే మొదట చిన్న మొత్తం వేసి, కార్డు మెసేజ్‌నీ అకౌంట్ బ్యాలెన్స్‌నీ పక్కపక్కన చూడండి.

యాడ్‌లకి కచ్చితంగా పదివేలు కావాలంటే 11,800 పక్కన పెట్టుకోండి. పన్ను ముందు చేతినుంచి పోతుంది, క్రెడిట్ మరుసటి నెల వస్తుంది. పండగ సీజన్‌లో భారీగా వేసేవాళ్ళు ఈ నెల రోజుల సందుకి డబ్బు చూసుకోవాలి.

5. మొదటి ఇన్‌వాయిస్‌ని పట్టిపట్టి చదవండి

మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒకావిడ ఇన్‌వాయిస్ ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. యాడ్‌ల విలువ 18,400. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే జీఎస్టీ) 18 శాతం, 3,312. మొత్తం 21,712. అమ్మకందారు నంబర్ 06తో మొదలైంది, అంటే హరియాణా. అంతవరకూ ఏ గొడవా లేదు. కొనుగోలుదారు గళ్ళో ఆవిడ తమ్ముడి పేరు, కూకట్‌పల్లి చిరునామా. సరఫరా స్థలం, అంటే సేవ అందుకున్న రాష్ట్రం, తెలంగాణ, 36. జీఎస్టీ నంబర్ గడి ఖాళీ. అకౌంట్ తెరిచిన రోజు ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తే వాళ్ళ వివరాలే పెట్టేశారు. ఏడు నెలలు ఇలాగే నడిచింది, ప్రతి నెలా ఇంచుమించు అంతే బిల్లు. ఇరవై మూడు వేల చిల్లర పోయింది. ఆవిడ రిజిస్ట్రేషన్ 37 కింద భేషుగ్గా ఉంది, పన్నూ కట్టింది. ఆ రెండూ ఒకే కాగితం మీద కలవలేదు, అంతే.

కాబట్టి ఇన్‌వాయిస్‌లో ఇవి చూడండి:

- పైన ట్యాక్స్ ఇన్‌వాయిస్ అని ఉందా? పేమెంట్ రసీదు, కార్డు స్లిప్పు, డబ్బు జమ అయిందన్న మెయిల్ పనికిరావు. కొన్ని చోట్ల ఇన్‌వాయిస్ నెలకొకటి వస్తుంది, మరుసటి నెల మొదట్లో బిల్లింగ్ పేజీ నుంచి దించుకోవాలి. కొన్ని చోట్ల కార్డు కొట్టిన ప్రతిసారీ ఒకటి వస్తుంది. అన్నీ కావాలి.
- మీ జీఎస్టీ నంబర్ ఉందా, తప్పుల్లేకుండా?
- సరఫరా స్థలం మీ రాష్ట్రమేనా?
- పన్ను ఏ పేరుతో పడింది?

చివరి ప్రశ్నే అందరినీ తికమకపెడుతుంది. అమ్మకందారూ మీరూ ఒకే రాష్ట్రంలో ఉంటే పన్ను రెండు ముక్కలు: కేంద్రానికి సీజీఎస్టీ 9, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 9. వేరు వేరు రాష్ట్రాలైతే ఒకే ముక్క: ఐజీఎస్టీ 18. మొత్తం ఒకటే. అమ్మకందారు 06, మీరు 37 అయితే ఐజీఎస్టీ పడాలి, పడితే సరైనదే. "మన పన్ను హరియాణాకి పోతోంది" అని బాధపడేవాళ్ళున్నారు. అలా పోదు. ఐజీఎస్టీలో రాష్ట్రం వాటా సేవ అందుకున్న రాష్ట్రానికి చేరుతుంది. ఇన్‌వాయిస్ మీద రాష్ట్రం రాయడం అందుకే. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళని కూడా ప్లాట్‌ఫామ్‌లు రాష్ట్రం అడిగేది ఇందుకే.

పైగా వ్యాపారికి ఐజీఎస్టీ క్రెడిట్టే సుఖం. దాన్ని ముందు ఐజీఎస్టీ బాకీకి వాడి, మిగిలింది సీజీఎస్టీకైనా ఎస్‌జీఎస్టీకైనా వాడుకోవచ్చు. సీజీఎస్టీ క్రెడిట్‌ని ఎస్‌జీఎస్టీకి వాడటానికి వీల్లేదు.

అసలు ప్రమాదం ఇంకొకటి. మీ రిజిస్ట్రేషన్ 37లో ఉండగా, హైదరాబాద్ అమ్మకందారు పొరపాటున సరఫరా స్థలం తెలంగాణ అని వేసి, తెలంగాణ ఎస్‌జీఎస్టీతో బిల్లు ఇస్తే ఆ క్రెడిట్ ఆంధ్రాలో వాడలేరు. డబ్బు కట్టకముందే బిల్లు మార్పించుకోండి.

6. విదేశీ కంపెనీ బిల్లు అయితే

ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది. మీకు రిజిస్ట్రేషన్ ఉండి, ఆ నంబర్ ప్లాట్‌ఫామ్‌కి ఇస్తే వాళ్ళు పన్ను వేయరు. "పన్ను లేదు, భలే చవక" అని సంబరపడొద్దు. ఆ పన్ను మీరే కట్టాలి. దీన్ని రివర్స్ ఛార్జ్ అంటారు. చేయాల్సినవి:

ఇన్‌వాయిస్ విలువని రూపాయల్లోకి మార్చండి. ఏ రోజు రేటు వాడారో పక్కన రాసుకోండి. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ లెక్కగట్టండి. మీకు మీరే ఒక ఇన్‌వాయిస్ రాసుకోండి. 2024 నవంబర్ 1 నుంచి దీనికి 30 రోజుల గడువు ఉంది. జీఎస్టీఆర్-3బీలో (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) 3.1(డి) గడిలో ఆ మొత్తం చూపించి, నగదుగా కట్టండి. పాత క్రెడిట్‌తో సర్దడానికి కుదరదు. కట్టాక అదే మొత్తాన్ని 4(ఏ)(2) గడిలో, అంటే సేవల దిగుమతి కింద, క్రెడిట్‌గా తీసుకోండి.

చూడటానికి ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవడంలా ఉంటుంది. అందుకే చాలామంది "చివరికి సున్నాయే కదా" అని వదిలేస్తారు. సున్నా అయ్యేది కట్టినవాళ్ళకే. కట్టనివాళ్ళకి వడ్డీ, నోటీసు. కంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు కూడా రివర్స్ ఛార్జ్ కట్టాలి, వాళ్ళకి క్రెడిట్ మాత్రం రాదు.

నంబర్ ఇవ్వకపోతే విదేశీ కంపెనీ తన 99 నంబర్ కింద 18 శాతం వేసి ప్రభుత్వానికి కట్టేస్తుంది. 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని వ్యాపారులు కూడా ఈ దారిలోనే వస్తారు. వాళ్ళకి ఇంకే పనీ లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు మాత్రం ఇలా కట్టిన పన్నుకి క్రెడిట్ అడగలేరు. పైగా రివర్స్ ఛార్జ్ బాధ్యత మీ మీద అలాగే ఉంటుంది. రెండుసార్లు దెబ్బ.

పాత పుస్తకాల్లో విదేశీ యాడ్‌ల మీద 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ, జనం నోట గూగుల్ ట్యాక్స్, కనిపిస్తే అది 2016 జూన్ నుంచి ఉన్న వేరే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. ఇంకా దాని పేరుతో కోత వేస్తున్న అకౌంటెంట్ ఉంటే గుర్తుచేయండి.

7. 2బీతో సరిచూసి, రిటర్న్‌లో పెట్టండి

ప్రతి నెలా 14వ తేదీన పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. అమ్మకందార్లు మీ నంబర్ మీద చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. మీ చేతిలో ఇన్‌వాయిస్ ఉన్నా 2బీలో లేకపోతే ఆ నెల క్రెడిట్ తీసుకోకండి.

పోల్చాల్సింది మొత్తాలు కాదు, ఒక్కో ఇన్‌వాయిస్. నంబర్, తేదీ, విలువ, పన్ను. ఎక్సెల్ రాకపోతే నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసి రాసినా చాలు. నెల ఆఖరి రోజుల బిల్లులు ఒక్కోసారి తర్వాతి నెల 2బీలో వస్తాయి. అవి పోయినట్టు కాదు, ఎక్కడా కొట్టేయకుండా ఉంచండి.

2024 అక్టోబర్ నుంచి పోర్టల్‌లో ఐఎంఎస్ అనే పేజీ ఉంది. అక్కడ ఒక్కో బిల్లుని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్ పెట్టవచ్చు. గుర్తుపట్టలేదని తొందరపడి తిరస్కరించొద్దు. యాడ్ బిల్లు మీద ప్లాట్‌ఫామ్ పేరు కాకుండా కంపెనీ పూర్తి పేరు ఉంటుంది. అది చూసి "ఇదెవరో మనకి తెలియదు" అని తిరస్కరించినవాళ్ళున్నారు.

ఇండియా కంపెనీ బిల్లుల క్రెడిట్ 3బీలో 4(ఏ)(5) గడిలోకి వెళ్తుంది. నెలనెలా వేసేవాళ్ళకి గడువు 20. మూడు నెలలకోసారి వేసేవాళ్ళకి మన రెండు రాష్ట్రాల్లోనూ 22.

8. ఏజెన్సీ వేయిస్తుంటే

ఒప్పందానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి: "యాడ్ అకౌంట్ ఎవరి జీఎస్టీ నంబర్ మీద నడుస్తుంది?"

మీ అకౌంట్, మీ కార్డు, వాళ్ళకి కేవలం ఫీజు అయితే, ప్లాట్‌ఫామ్ బిల్లు మీ పేరిట వస్తుంది, ఏజెన్సీ ఫీజు మీద వేరే బిల్లు వస్తుంది. రెండింటి క్రెడిట్టూ మీదే. నాకు ఇదే ఇష్టం. ఏజెన్సీతో చెడినా అకౌంట్, దాని చరిత్ర మీ దగ్గరే ఉంటాయి.

వాళ్ళ అకౌంట్ మీద నడిస్తే ప్లాట్‌ఫామ్ బిల్లు ఏజెన్సీ పేరిట ఉంటుంది. ఆ బిల్లు స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపి "ఇదిగో మీ జీఎస్టీ" అంటే ఒప్పుకోకండి. యాడ్ ఖర్చు, ఫీజు రెండూ కలిపి వాళ్ళు మీకు తమ ఇన్‌వాయిస్ ఇవ్వాలి. హైదరాబాద్ ఏజెన్సీ వరంగల్ కొట్టుకి ఇస్తే 9, 9. రాజమండ్రి కొట్టుకి ఇస్తే ఐజీఎస్టీ 18. ఏజెన్సీకి అసలు రిజిస్ట్రేషన్ లేకుండానే "జీఎస్టీ 18 శాతం అదనం" అని కొటేషన్‌లో రాస్తే అక్కడే లేచి వచ్చేయండి.

అప్పు మీద నడుపుతుంటే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు డబ్బు కట్టాలి. లేకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, కట్టాక మళ్ళీ తీసుకోవచ్చు.

రెండు రాష్ట్రాల్లోనూ కొట్టు ఉంటే

హైదరాబాద్‌లో ఒకటి, గుంటూరులో ఒకటి ఉంటే జీఎస్టీ దృష్టిలో మీరు ఇద్దరు మనుషులు. 36 మీద వచ్చిన క్రెడిట్‌ని 37లో నేరుగా వాడలేరు. రెండు కొట్లకీ కలిపి ఒకే యాడ్ బిల్లు హైదరాబాద్ మీద తెచ్చుకుంటే, గుంటూరు వాటాని పంచడానికి ఐఎస్‌డీ అనే వేరే రిజిస్ట్రేషన్ కావాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. చిన్న వ్యాపారానికి ఇదంతా భారం. రెండు యాడ్ అకౌంట్లు, రెండు పేమెంట్స్ ప్రొఫైల్‌లు పెట్టుకుని, ఏ కొట్టు యాడ్ ఆ కొట్టు నంబర్ మీద నడపండి. కొంచెం చిరాకే, కానీ నెలాఖరున ఒక తలనొప్పి తగ్గుతుంది.

ఇంకా కనిపించే పొరపాట్లు

సొంత ఫోన్‌లో, సొంత కార్డుతో కొట్టుకి యాడ్‌లు వేసి బిల్లు వ్యక్తిగత పేరిట తెచ్చుకోవడం. కార్డు ఎవరిదైనా ఇన్‌వాయిస్ మీద నంబర్ కొట్టుదైతే సర్దుకోవచ్చు. ఇన్‌వాయిస్సే వ్యక్తి పేరిట ఉంటే సర్దలేం.

పన్ను మొత్తాన్ని యాడ్ ఖర్చులో కలిపి రాసి, మళ్ళీ క్రెడిట్టూ తీసుకోవడం. రెండిట్లో ఒకటే.

వ్యాపారం చిరునామా మార్చి జీఎస్టీలో సవరించి, యాడ్ అకౌంట్‌లో మరచిపోవడం. ఊరు మారితే పెద్ద నష్టం లేదు. రాష్ట్రం మారితే నంబరే కొత్తది, పాత నంబర్ మీద బిల్లులు వస్తూనే ఉంటాయి.

సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకోవడం

వరసగా రెండు నెలలు ఇలా చూడండి. యాడ్ అకౌంట్‌లో ఆ నెల ఖర్చుని 0.18తో హెచ్చవేయండి. ఆ అంకె ఇన్‌వాయిస్‌లోని పన్నుతో పైసల తేడాలో కలవాలి. ఇన్‌వాయిస్ పన్ను 2బీలోని పన్నుతో కలవాలి. 3బీ వేశాక పోర్టల్‌లో మీ క్రెడిట్ ఖాతా, అంటే ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ తెరిస్తే అదే అంకె ఐజీఎస్టీ వరసలోనో, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వరసల్లోనో కనిపించాలి. విదేశీ బిల్లయితే ముందు క్యాష్ లెడ్జర్‌లోంచి పోయి, తర్వాత క్రెడిట్ లెడ్జర్‌లోకి రావాలి. నాలుగు చోట్లా ఒకే అంకె వస్తే ఆ తర్వాత మూడు నెలలకోసారి చూసినా చాలు.

ఇప్పటికే తప్పు జరిగిపోతే

ముందు ఇవాళే ప్రొఫైల్ సరిచేయండి, రేపటి నష్టం ఆగుతుంది. తర్వాత ప్లాట్‌ఫామ్ సహాయ విభాగానికి పాత ఇన్‌వాయిస్‌ల నంబర్లు, సర్టిఫికెట్ జతచేసి రాయండి. నంబర్‌లో ఒక అక్షరం తప్పుపోయిన సందర్భాల్లో సవరించే అవకాశం ఉంటుంది. అసలు నంబరే లేకుండా వచ్చిన బిల్లుల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పైన చెప్పిన చీరలావిడకి ఏడు నెలల బిల్లుల్లో ఒక్కటీ మారలేదు. ఆ పన్నుని ఖర్చు కింద రాసుకున్నాం.

బిల్లు సరిగ్గానే ఉండి, 2బీలోనూ ఉండి, మీరే క్రెడిట్ తీసుకోవడం మరచిపోయి ఉంటే మాత్రం దారి ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు, లేదా ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసే రోజు లోపు, ఏది ముందైతే అప్పటివరకూ తీసుకోవచ్చు. పాత 2బీలు పోర్టల్‌లోనే ఉంటాయి. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి ఒక్కో నెలా దించుకుని, యాడ్ కంపెనీ పేరు వెతకండి.